యూపీఎస్‌లో ఉబ్బిన బ్యాటరీ ఒక్కటే మారిస్తే చాలా? బయట పెద్ద బ్యాటరీలు తగిలించొచ్చా?

నర్సంపేటలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్న ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర 1 కేవీఏ (ఎంత లోడ్ మోయగలదో చెప్పే కొలత) ఆన్‌లైన్ యూపీఎస్ ఉంది, అంటే లోపలి ఇన్వర్టర్ ఎప్పుడూ నడుస్తూనే ఉండే రకం. లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్ అవర్, బ్యాటరీ ఎంత పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) బ్యాటరీలు మూడు. కొని నాలుగేళ్లయింది. ఇప్పుడు కరెంటు పోతే నాలుగు నిమిషాలకే ఆగిపోతోంది. మూత విప్పి చూస్తే ఒక బ్యాటరీ ఉబ్బి ఉందట. "అన్నా, ఆ ఒక్కటి మారిస్తే సరిపోతదా? లేకపోతే మూడూ తీసేసి బయట 42 ఏహెచ్‌వి మూడు పెట్టి రెండు గంటలు నడిచేలా చేసుకోవచ్చా? ఇంట్లో కారు బ్యాటరీ ఒకటి ఖాళీగానే ఉంది, అదేమన్నా పనికొస్తదా?" అని అడిగారు. లోడ్ రెండు కంప్యూటర్లు, ఒక రౌటర్, ఒక చిన్న బిల్లు ప్రింటర్.

నేను హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు బాగుచేస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెప్తాను, కారణాలు తర్వాత.

ఒక్కటే మార్చొద్దు. మారిస్తే మూడూ ఒకేసారి మార్చాలి. ఒకే కంపెనీ, ఒకే ఏహెచ్, వీలైతే ఒకే నెలలో తయారైనవి.

మీ యూపీఎస్‌కు 42 ఏహెచ్ తగిలిస్తే నడుస్తుంది, కానీ దాని చార్జర్ వాటిని నింపలేదు. రెండు గంటలు కావాలంటే వేరే దారులున్నాయి, కింద రాస్తాను.

కారు బ్యాటరీ జోలికి పోవద్దు.

ఒక్కటే ఎందుకు మార్చకూడదో చెప్తాను. కొత్తది పాతదానితో కలిస్తే కొత్తది పాడవుతుందని అందరూ అంటారు గానీ ఎలా పాడవుతుందో ఎవరూ చెప్పరు. మీ మూడు బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కు కలిసి మొత్తం 36 వోల్టులు. చార్జర్‌కు మూడు బ్యాటరీలు విడివిడిగా కనిపించవు. అది రెండు చివర్ల మధ్య సుమారు 41 వోల్టులు పెట్టి కూర్చుంటుంది. మూడూ ఒకేలా ఉంటే ఒక్కోదానికి 13.6 వోల్టుల చొప్పున పంచుకుంటాయి. అది వాటికి సరైన వాటా.

ఇప్పుడు ఒక బ్యాటరీలో ఒక సెల్ షార్ట్ అయిందనుకోండి. ఒక్కో బ్యాటరీలో ఆరు సెల్‌లుంటాయి కాబట్టి అది 13.6 బదులు 11.4 దగ్గర ఆగిపోతుంది. చార్జర్ మాత్రం 41 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. మిగిలిన 29.6 వోల్టులు ఆ రెండు బ్యాటరీల మీద పడతాయి. ఒక్కోదానికి 14.8. సీల్డ్ బ్యాటరీని, అంటే నీళ్లు పోసే పని లేని ఈ మూసిన రకాన్ని, రాత్రింబగళ్లు 14.8 వోల్టుల మీద, అదీ మన ఎండాకాలంలో ఉంచితే లోపలి తడి ఆరిపోతుంది, ప్లాస్టిక్ మెత్తబడి ఉబ్బుతుంది.

అందుకే ఉబ్బిన బ్యాటరీయే ముందు చెడిపోయిందని అనుకోవద్దు. చాలాసార్లు పైకి చక్కగా కనిపించేదే షార్ట్ అయి ఉంటుంది, దాని భారం మోసి పక్కది ఉబ్బుతుంది. మీరు ఉబ్బినది తీసేసి కొత్తది పెట్టారనుకోండి, అసలు జబ్బున్నది లోపలే ఉంటుంది. కొన్ని నెలల్లో కొత్తది కూడా అదే తీరుగా ఉబ్బుతుంది.

ఈ పని నేనూ ఒకసారి చేశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. హనుమకొండలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో 6 కేవీఏ యూపీఎస్, 16 బ్యాటరీల సెట్. రెండు పోయాయి. పద్నాలుగు బాగానే ఉన్నాయి కదా, రెండే మార్చు అన్నారు. వద్దని చెప్పాను, కానీ గట్టిగా నిలబడలేకపోయాను. ఆరు నెలల్లో ఇంకో ఐదు పోయాయి, వాటిలో నేను పెట్టిన కొత్తది ఒకటి. ఒకరోజు కరెంటు పోయిన వెంటనే యూపీఎస్ పడిపోయి, మిషన్‌లో నడుస్తున్న శాంపిళ్లు మళ్లీ తీయాల్సి వచ్చింది. పొద్దున పరగడుపున రక్తం ఇచ్చి వెళ్లిన ముసలివాళ్లను మళ్లీ పిలిపించారు. ఆ రోజు నుంచి సెట్‌లో కొన్ని మార్చమని ఎవరడిగినా ఒప్పుకోను. సెట్ కొని ఏడాది లోపే అయి, వారంటీలో ఒకటి మార్చాల్సి వస్తే అది వేరే సంగతి. అప్పుడు మిగతావన్నీ లోడ్ పెట్టి చూసి, ఒకదానికొకటి దగ్గరగా ఉంటేనే మార్చొచ్చు.

ఇక 42 ఏహెచ్ సంగతి. మీ లోడ్ 300 వాట్లు అనుకుందాం. యూపీఎస్ తన కోసం కొంత తింటుంది కాబట్టి బ్యాటరీ వైపు నుంచి దాదాపు 10 యాంపియర్లు లాగుతుంది. 7 ఏహెచ్ అని రాసి ఉంటే 10 యాంపియర్ల మీద 42 నిమిషాలు రావాలి కదా అని లెక్క వేస్తారు. రాదు. ఆ 7 అనే అంకె 20 గంటల పాటు మెల్లగా, 0.35 యాంపియర్ల చొప్పున వాడితే వచ్చేది. వేగంగా లాగేకొద్దీ బ్యాటరీ ఇచ్చే మొత్తం తగ్గిపోతుంది. 10 యాంపియర్ల మీద కొత్త 7 ఏహెచ్ సెట్ మీకు 20 నిమిషాలు ఇస్తే అది ఆరోగ్యంగా ఉన్నట్టు. అదే 42 ఏహెచ్ సెట్ అయితే కొత్తలో మూడు గంటల దాకా ఇస్తుంది, వయసు మీద పడ్డాక కూడా రెండు గంటలు వస్తుంది. కాబట్టి బ్యాకప్ వరకు మీ అంచనా తప్పు కాదు.

తప్పంతా తిరిగి నింపే దగ్గర ఉంది. బ్యాటరీలు లోపలే ఉండే 1 కేవీఏ మోడళ్లలో చార్జర్ సాధారణంగా 1 యాంపియర్ దరిదాపుల్లో ఉంటుంది. అది 7 ఏహెచ్ కోసం పెట్టింది, దానికి సరిగ్గా సరిపోతుంది. రెండు గంటలు వాడితే మీరు 20 ఏహెచ్ ఖర్చు చేసినట్టు. 1 యాంపియర్ చార్జర్‌తో అది నిండటానికి ఒక పగలు ఒక రాత్రి పూర్తిగా పడుతుంది. పూర్తిగా ఖాళీ అయితే రెండు రోజులు. ఆ లోపల మళ్లీ కరెంటు పోతే? మళ్లీ సగంలోంచే మొదలు. లెడ్ (సీసం) బ్యాటరీకి సగం నిండి ఉండటమే పెద్ద రోగం. ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోయి, తర్వాత ఎంత చార్జ్ పెట్టినా కరగదు.

నయీంనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఇలాగే మామూలు మోడల్‌కు 42 ఏహెచ్‌వి మూడు బయట పెట్టించుకున్నారు. మొదటి నెల అందరికీ చూపించి మరీ మురిసిపోయారు. అది ఏప్రిల్, మే కాలం. సాయంత్రం అయ్యేసరికి గాలిదుమారం, చెట్టు కొమ్మ తీగల మీద పడటం, కరెంటు పోవడం, ఇలా రోజు విడిచి రోజు జరిగింది. నాలుగు నెలలకు నన్ను పిలిచేసరికి బ్యాకప్ 40 నిమిషాలకు దిగింది. బ్యాటరీలు నకిలీవని తిట్టుకుంటున్నారు. మీటర్ పెడితే ఒక్కోటి 12.2 వోల్టులు. అవి పాడైన బ్యాటరీలు కావు, కొన్న రోజు నుంచి ఒక్కసారైనా నిండని బ్యాటరీలు. షాపుకు తెచ్చి పెద్ద చార్జర్ మీద రెండు రోజులు పెడితే రెండు కొంచెం తేరుకున్నాయి, ఒకటి తేరుకోలేదు.

కాబట్టి బ్యాటరీ పెంచే ముందు అడగాల్సిన ప్రశ్న "ఎంతసేపు వస్తుంది" అని కాదు, "నా చార్జర్ ఎన్ని యాంపియర్లు" అని. మీ యూపీఎస్ పుస్తకంలో చార్జింగ్ కరెంట్ అని రాసి ఉంటుంది, చూడండి. సీల్డ్ బ్యాటరీకి దాని ఏహెచ్‌లో పదో వంతు చార్జింగ్ ఉంటే హాయిగా ఉంటుంది. 42 ఏహెచ్‌కు 4 యాంపియర్లు. అందుకే కంపెనీలు లాంగ్ బ్యాకప్ మోడల్ అని వేరుగా అమ్ముతాయి. దాంట్లో లోపల బ్యాటరీలుండవు, చార్జర్ మాత్రం పెద్దది ఉంటుంది. పైకి చూస్తే రెండూ ఒకే డబ్బాలా ఉంటాయి, అందుకే జనం మోసపోతారు.

ఇది ఆన్‌లైన్ యూపీఎస్ గురించి. దాంట్లో ఇన్వర్టర్ భాగం ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి గంటలకొద్దీ నడిచినా వేడికి తట్టుకుంటుంది. ఇంట్లో కంప్యూటర్ కింద పెట్టుకునే 600 వీఏ చిన్న యూపీఎస్‌లు అలా కావు. వాటి ట్రాన్స్‌ఫార్మర్, హీట్ సింక్ అన్నీ పది పదిహేను నిమిషాల పని కోసం కట్టినవి. బ్యాటరీ అయిపోవడమే వాటికి రక్షణ. పరకాలలో ఒక ఫొటో స్టూడియో అతను అలాంటి దానికి కారు బ్యాటరీ తగిలించాడు. 50 నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది, ఆ తర్వాత వైరు కాలిన వాసన. నా దగ్గరికి తెచ్చేసరికి వైండింగ్ నల్లగా మాడిపోయి ఉంది. పక్కనే ఫ్లెక్సీ చుట్టలు పెట్టుకున్నాడు. అంటుకోకపోవడం అతని అదృష్టం.

కారు బ్యాటరీ వద్దనడానికి ఇంకో కారణం, అది చేసే పనే వేరు. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి కొన్ని క్షణాలు వందల యాంపియర్లు ఇచ్చి, వెంటనే మళ్లీ నిండిపోవడం దాని పని. ప్లేట్లు పలుచగా ఉంటాయి. గంటసేపు పిండి ఖాళీ చేస్తే కొన్ని పదుల సార్లకే కూలిపోతుంది. పైగా చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, ఆసిడ్ ఆవిరి వస్తుంది. మూసిన గదిలో, మనుషులు కూర్చునే చోట, కంప్యూటర్ల పక్కన అది ఉండకూడదు. మీకు ఎలాగూ 36 వోల్టులు కావాలి, అది ఒక్కటి ఉంటే 12 వోల్టులే. ఇంకో రెండింటితో సిరీస్‌లో కలపాలన్న ఆలోచన వస్తే పైన చెప్పిన 14.8 లెక్క గుర్తు తెచ్చుకోండి.

మరి మీకు రెండు గంటలు ఎలా? మీ స్థానంలో నేనైతే ఇలా చేస్తాను. యూపీఎస్‌లో మూడు కొత్త బ్యాటరీలు పెట్టి దాని మామూలు పనికే వదిలేస్తాను. 7 ఏహెచ్ బదులు అదే సైజులో 9 ఏహెచ్ దొరుకుతుంది, అదే గూట్లో కూర్చుంటుంది, మీ చార్జర్‌కు భారం కాదు. 20 నిమిషాలు వచ్చేది అరగంట దాకా వస్తుంది. ఒకటే చూసుకోవాలి, 9 ఏహెచ్ టెర్మినల్ కొంచెం వెడల్పు, 6.35 మిల్లీమీటర్లు. పాత 7 ఏహెచ్‌లలో చాలావాటికి 4.75 ఉంటుంది. వైరు క్లిప్పులు సరిపోకపోతే మార్పించండి, నొక్కి సాగదీసి ఎక్కించొద్దు. వదులు క్లిప్పు వేడెక్కి కాలుతుంది.

ఆ యూపీఎస్‌కు కరెంటు ఇచ్చే లైన్‌ను ఇంట్లో వాడే సైన్ వేవ్ ఇన్వర్టర్ (లైన్ కరెంటు లాంటిదే ఇచ్చే రకం) మీద, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో పెట్టండి. 900 వీఏ ఇన్వర్టర్ మీ లోడ్‌కు చాలు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణకాలం యూపీఎస్ చూసుకుంటుంది, తర్వాతి మూడు గంటలు ట్యూబులర్ చూసుకుంటుంది. ట్యూబులర్ రోజూ ఖాళీ అయి నిండటానికే పుట్టింది, దాని చార్జర్ కూడా పెద్దది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మాత్రం వద్దు, చాలా ఆన్‌లైన్ యూపీఎస్‌లు దాన్ని సరైన కరెంటుగా ఒప్పుకోక మళ్లీ తన బ్యాటరీ మీదికే పోతాయి. ట్యూబులర్‌ను గాలి ఆడే చోట పెట్టి డిస్టిల్డ్ వాటర్ చూసుకుంటూ ఉండాలి. ఈ రెండో పెట్టె వద్దనుకుంటే లాంగ్ బ్యాకప్ మోడల్, 42 ఏహెచ్ మూడు. ఖర్చు ఎక్కువ, చోటు తక్కువ.

బయట బ్యాటరీ పెట్టినప్పుడు దాని పక్కనే ఫ్యూజ్ ఉండాలి. ఇంటి బోర్డులో వాడే ఎంసీబీ (లోడ్ మించితే తనంతట పడిపోయే స్విచ్) డీసీకి, అంటే బ్యాటరీ కరెంటుకు పనికిరాదు, డీసీదే అడిగి తీసుకోండి. ఫుల్ లోడ్ మీద మీ యూపీఎస్ 30 యాంపియర్ల దాకా లాగుతుంది, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు తక్కువ కాకుండా, వీలైనంత పొట్టిగా వేయించండి. లిథియం గురించి కూడా కొందరు అడుగుతారు. లెడ్ కోసం చేసిన యూపీఎస్‌లో కంపెనీ సరేనని చెప్పకుండా లిథియం పెట్టొద్దు, లెడ్‌తో కలిపి అసలే పెట్టొద్దు.

ఎండ గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. బ్యాటరీ మీద రాసే ఆయుష్షు 25 డిగ్రీల గదికి. అక్కడి నుంచి ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరం లెక్క పెట్టుకుంటాం. మే నెలలో వరంగల్‌లో బయటే 44, 45 ఉంటుంది, షట్టర్ దించిన రేకుల గదిలో ఎంత ఉంటుందో మీకే తెలుసు. పైగా వేడి పెరిగితే చార్జింగ్ వోల్టేజ్ తగ్గాలి, 40 డిగ్రీల దగ్గర 13.6 బదులు 13.3 చాలు. చిన్న యూపీఎస్‌లు చాలావరకు అలా తగ్గించవు. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక ఆడ్తి దుకాణంలో యూపీఎస్‌ను అటక మీద, రేకుల కింద పెట్టారు. రెండుసార్లు పద్నాలుగు నెలలకే బ్యాటరీలు పోయాయి. మూడోసారి కొత్తవి వేస్తూ దాన్ని కిందికి దించి, గల్లాపెట్టె వెనుక గోడ నీడన, వెనక జానెడు గాలి ఉండేలా పెట్టించాను. ఆ సెట్ మూడేళ్లు దాటింది. అలా చూస్తే మీ బ్యాటరీలు నాలుగేళ్లు ఇవ్వడం మంచి సేవే, వాటి మీద కోపం వద్దు.

ఇంకో మార్పు కూడా నేను గమనించాను. 2014కు ముందు గంటల తరబడి కోతలుండేవి, బ్యాటరీ పని చేసీ చేసీ అరిగిపోయేది, రోజురోజుకూ బ్యాకప్ తగ్గడం కళ్లకు కనిపించేది. ఇప్పుడు కరెంటు పోవడం తగ్గింది. బ్యాటరీ నెలల తరబడి చార్జింగ్ మీదే ఉండి, వేడికి లోపల ఎండిపోయి, అసలు అవసరం పడ్డ రోజున పోయిందని తెలుస్తోంది. అందుకే మూడు నెలలకోసారి మీరే కరెంటు తీసి చూడండి. పని లేని సమయంలో, ఫైళ్లన్నీ సేవ్ చేసి, యూపీఎస్‌కు వచ్చే లైన్ ఎంసీబీ దించి, ఐదు నిమిషాలు మామూలు లోడ్ మీద నడపండి. ప్లగ్ పీకొద్దు, ఎర్త్ తెగిపోతుంది.

కొనేటప్పుడు రెండు విషయాలు. తయారీ తేదీ కోడ్ అడిగి చదివించుకోండి. సీల్డ్ బ్యాటరీ అల్మారాలో ఊరికే ఉన్నా దిగిపోతుంది, ఆరు నెలలు దాటి చార్జ్ లేకుండా ఉన్నది కొత్తదైనా కొత్తది కాదు. రెండోది బరువు. మంచి 7 ఏహెచ్ బ్యాటరీ రెండు కిలోల పైనే తూగుతుంది. పక్క కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి చూడండి. కిలోన్నర తూగేదాంట్లో సీసం ఉండాల్సినంత లేదు, స్టిక్కర్ మీద ఏ పేరున్నా తీసుకోవద్దు.

మార్చేటప్పుడు జాగ్రత్త. యూపీఎస్ ఆపండి, ప్లగ్ తీయండి, పది నిమిషాలు ఆగండి. ఆన్‌లైన్ యూపీఎస్ కెపాసిటర్లలో (కరెంటు నిల్వ ఉంచే భాగాల్లో) ఆపాక కూడా ప్రమాదకరమైన వోల్టేజ్ కాసేపు ఉంటుంది. నడుస్తుండగా బ్యాటరీ మార్చొచ్చని ఎవరైనా అంటే వినొద్దు, చాలా మోడళ్లలో బ్యాటరీ తీగలకు మెయిన్స్‌తో నేరుగా సంబంధం ఉంటుంది. ఉంగరాలు, గడియారం తీసేయండి. పాత కనెక్షన్ ఫొటో తీసుకోండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. ఉబ్బినది గూట్లో ఇరుక్కుపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, పక్క రేకు స్క్రూలు విప్పి గూడునే వదులు చేయండి. ఆసిడ్ కారి ఉంటే వంట సోడా నీళ్లలో కలిపి తడిగుడ్డతో తుడవండి, చేతికి గ్లౌజులు ఉండాలి. కొత్తవి సిరీస్ కలిపాక, యూపీఎస్‌కు తగిలించే ముందే మీటర్‌తో రెండు చివరలు చూడండి. 38, 39 వోల్టులు రావాలి. 13 వస్తే ఒకటి తిరగబడిందని అర్థం, అక్కడే ఆగండి. చివరి క్లిప్పు పెట్టేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తే భయపడొద్దు, అది కెపాసిటర్లు నిండటం. ప్లస్ మైనస్ తారుమారైతే మాత్రం బోర్డు పోతుంది. ఇదంతా ఒకసారి కూడా చేసి ఉండకపోతే తెలిసిన మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి, సిగ్గు పడాల్సిన పని కాదు. కొత్తవి పెట్టాక ఒక రాత్రంతా చార్జ్ అయ్యాకే బ్యాకప్ చూడండి.

పాతవాటిని పాత సామాన్లవాళ్లకు ఇవ్వకండి. వాళ్లు పగలగొట్టి ఆసిడ్ మోరీలో పోసి సీసం మాత్రం తీసుకుంటారు, ఆ సీసం ఆ గల్లీలో ఆడుకునే పిల్లల ఒంట్లోకి పోతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి తిరిగి సేకరించే బాధ్యత తయారుచేసేవాళ్లది. కొత్తవి కొన్న షాపులోనే ఇవ్వండి, బరువును బట్టి ధర తగ్గిస్తారు.

ఇచ్చే ముందు ఒక పని చేయండి. మూడింటినీ విడదీసి, నాలుగు గంటలు ఊరికే వదిలేసి, ఒక్కోదాని వోల్టేజ్ రాసుకోండి. తర్వాత బండి హెడ్‌లైట్‌లో వాడే 12 వోల్టుల 55 వాట్ల బల్బు ఒక్కోదానికి పది నిమిషాలు వెలిగించి మళ్లీ చూడండి. మంచిదైతే 12 దగ్గరే నిలబడుతుంది, పోయినదైతే నిమిషంలో 11 కిందికి జారుతుంది. ఉబ్బినదానికి మాత్రం బల్బు పెట్టకండి, వోల్టేజ్ చూస్తే చాలు. ఆ అంకెలు ఇక్కడ రాయండి. మూడింట్లో ఏది ముందు పోయిందో, మీ చార్జర్ బోర్డు కూడా ఒకసారి చూపించాలో లేదో అప్పుడు చెప్పగలను.